బరంపురంలో సదస్సు: అతిథుల్ని ఎక్కడికి తిప్పాలి, ఏం పెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నవంబరు రెండో వారంలో మీ కాలేజీలో సామాజిక శాస్త్రాల సదస్సు, మూడు రోజులు. నూట ఇరవై మంది దాకా బయటివాళ్ళు, అందులో ఏడెనిమిది మంది విదేశీయులు. విహారం, విందు బాధ్యత మీ నెత్తిన పెట్టారు. మూడో రోజు పొద్దున్న బయల్దేరి చిలికా సరస్సు ఒడ్డున రంభ, తారా తారిణి కొండ గుడి, తప్తపాణి వేడినీటి బుగ్గ, జిరంగ్ బౌద్ధారామం చూపించి, రాత్రికి గోపాల్‌పూర్‌లో పెద్ద విందు ఇద్దామని మీ పెద్దల ఆలోచన. అది నడుస్తుందా అని మీ అనుమానం.

నడవదండీ. ఒక పూట విహారం, ఒక రాత్రి విందు, ఇష్టమున్నవాళ్ళకి ఒక తెల్లవారుజాము గోపాల్‌పూర్. ఈ మూడూ చాలు. విహారమూ విందూ రెండూ రెండో రోజే పెట్టండి. మూడో రోజుకి ఏమీ మిగల్చకండి.

నేను ఈ ఊరివాణ్ణే. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. ఇక్కడా, పర్లాకిమిడిలోనూ సదస్సులు జరిగినప్పుడు పేపరు చదివినా చదవకపోయినా ఆతిథ్య కమిటీలో మాత్రం నా పేరు ఉండేది. కాబట్టి చెప్పేదంతా వంటశాల వైపు నుంచీ, బస్సు మెట్టు దగ్గర్నుంచీ చూసిందే.

ముందు మూడో రోజు సంగతి. మన దగ్గర విమానం లేదు. భువనేశ్వర్ విమానాశ్రయం 170 కిలోమీటర్లు, విశాఖ అంతకంటే చాలా దూరం. హౌరా–చెన్నై లైను మీద ఊరు కాబట్టి రైళ్ళకి లోటు లేదుగానీ, అందరూ ఒకే రైలుకి టికెట్టు కొనుక్కోరు కదా. మూడో రోజు మధ్యాహ్నం భోజనమయ్యేసరికి సగం మంది బ్యాగులు సర్దేస్తారు. సాయంత్రానికి మిగిలేది మీ వాలంటీర్లూ, మర్నాడు రైలున్న కొందరూ. నూట ఇరవై మందికి వండించి ముప్పై మందికి వడ్డించిన విందు నేను చూశాను. వంటాయన మొహం చూడలేకపోయాం.

ఇక ఆ నాలుగు చోట్ల సంగతి. మ్యాపు తెరిచి చూడండి. రంభ మనకి ఈశాన్యంగా హైవే మీద 50 కిలోమీటర్లు. తప్తపాణి దానికి పూర్తిగా అటువైపు, దిగపహండి మీదుగా మరో 50. జిరంగ్ ఆ తప్తపాణి దాటి ఘాటు రోడ్డెక్కి చంద్రగిరి దాకా వెళ్ళాలి. అన్నీ ఒక్క రోజులో అంటే అతిథులకి గుర్తుండేది బస్సు సీటు వెనక కవరు రంగు ఒక్కటే. పైగా నవంబరు నెల. మనకి 5 గంటల 10 నిమిషాలకల్లా పొద్దు గుంకుతుంది. హైదరాబాదు నుంచీ పుణె నుంచీ వచ్చేవాళ్ళకి ఈ సంగతి తెలీదు. "నాలుగింటికి బయల్దేరదాంలే" అంటారు. నాలుగింటికి బయల్దేరితే చిలికా చీకట్లో కనిపిస్తుంది.

అసలు సదస్సుకి వచ్చినవాళ్ళు ఊరు చూడ్డానికి రారు, ఒకర్నొకరు కలవడానికి వస్తారు. పేపరు చదివే పదిహేను నిమిషాల్లో కుదరని మాట పడవలోనో, భోజనాల బల్ల దగ్గరో కుదురుతుంది. అందుకే విహారానికి నేను పెట్టుకున్న కొలత ఒకటే: ప్రయాణం తక్కువ, కూర్చునే సమయం ఎక్కువ. పర్లాకిమిడి నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థిని రంభలో పడవెక్కినప్పుడు పక్క సీట్లో ఆవిడ సబ్జెక్టులోనే పెద్ద ప్రొఫెసరు కూర్చున్నాడు. గంటన్నరపాటు ఎటూ పోలేని చోటు. దిగేసరికి ఆ అమ్మాయి థీసిస్ మూడో అధ్యాయం తీరు మారిపోయింది. ఏ సెషన్‌లోనూ అది జరిగేది కాదు.

నా మొదటి ఓటు రంభకి. రెండో రోజు సెషన్లు పొద్దున్న ఎనిమిదిన్నరకి మొదలుపెట్టి పన్నెండింటికి ముగించండి. పన్నెండున్నరకి బస్సులు కదలాలి. భోజనం రంభలోనే. మూడింటికి పడవలు, నాలుగున్నరకి ఒడ్డుకి. ఆరున్నరలోపు బస దగ్గర దింపేస్తే గంటసేపు కాళ్ళు చాపుకుని విందుకొస్తారు. పడవలు పర్యాటక శాఖవాళ్ళవి గానీ, లైఫ్ జాకెట్లు నిజంగా ఉన్న ప్రైవేటువి గానీ తీసుకోండి. జాకెట్లు ఉన్నాయని ఫోన్లో చెప్తే నమ్మకండి, మనిషిని పంపి లెక్కపెట్టించండి. చీకటి పడ్డాక నీటి మీద ఎవరూ ఉండకూడదు, ఎంత పెద్ద ప్రొఫెసరు అడిగినా సరే.

చిలికా అనగానే అందరూ డాల్ఫిన్లు అడుగుతారు. ఇరవాడీ డాల్ఫిన్లు కనిపించేది సాతపడా వైపు, అంటే పూరీ దిక్కున. రంభలో చూపిస్తామని కరపత్రంలో వేయకండి. పక్షులు నవంబరుకి వచ్చే ఉంటాయిగానీ, గుంపులు గుంపులుగా చూడాలంటే నలబణ, మంగళజోడి వైపు పోవాలి. రంభలో ఉన్నది వేరు: కొండల మధ్య ఒదిగిన నీళ్ళు, చిన్న చిన్న దీవులు, నిశ్శబ్దం.

బస్సులో ఎవరో ఒకరు మైకు పట్టుకుని ఐదు నిమిషాలు చిలికా కథ చెప్పండి. ఐదే. 1981లో మన దేశం నుంచి రామ్‌సార్ జాబితాకెక్కిన మొదటి చిత్తడి నేలల్లో ఇదొకటి (ఆ జాబితా అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలలది). తరవాత సముద్రం నోరు పూడుకుపోయి, ఉప్పదనం తగ్గి, కలుపు పెరిగి, చేపలు పడిపోయాయి. 2000లో కొత్త ముఖద్వారం తవ్వి సముద్రపు నీళ్ళు లోపలికి రానిచ్చాక మళ్ళీ కోలుకుంది. 2002లో దాన్ని ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితా నుంచి తీసేశారు. సామాజిక శాస్త్రాలవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? మత్స్యకారులు, రొయ్యల చెరువులు, చేపల హక్కుల తగాదాలు, మిగతా ప్రశ్నలన్నీ వాళ్ళే అడుగుతారు.

మీ అతిథుల్లో చరిత్రవాళ్ళు ఎక్కువుంటే రంభ బదులు జౌగడ, తారా తారిణి పెట్టండి. రెండూ పురుషోత్తంపూర్ వైపే, ఋషికుల్య దగ్గర. జౌగడ బండ మీద అశోకుడి శాసనాలున్నాయి. భువనేశ్వర్ దగ్గరి ధౌళిలో లాగే ఇక్కడ కూడా ఆయన పద్నాలుగు పెద్ద శాసనాల్లో 11, 12, 13వవి లేవు. కళింగ యుద్ధం గురించి చెప్పేది ఆ పదమూడోదే. ఎవరిని గెలిచాడో వాళ్ళ నేల మీద ఆ మాట చెక్కించలేదు. దాని బదులు సమాపా (జౌగడ పాత పేరు) లోని మహామాత్రులకి, అంటే తన అధికారులకి, ప్రత్యేక శాసనాలు రాయించాడు, ప్రజలంతా నా బిడ్డలు అంటూ. ఆ బండ ముందు నిలబెట్టి ఈ ఒక్క ముక్క చెబితే చాలు, తిరుగు ప్రయాణమంతా వాదనే. కానీ అక్కడ టీ కొట్టూ, మరుగుదొడ్డీ ఉంటాయనుకుని వెళ్ళకండి. దారిలో హైవే హోటల్లో పదిహేను నిమిషాలు ఆపి, ఆడవాళ్ళందరూ దిగారా లేదా చూసుకుని కదలండి. తారా తారిణికి రోప్‌వే ఉంది, కాబట్టి పెద్దవాళ్ళకి మెట్ల బాధ లేదు. ఒకవేళ మీ సదస్సు మార్చి–ఏప్రిల్‌కి వాయిదా పడితే మాత్రం చైత్ర మంగళవారాల్లో అటు కన్నెత్తి చూడకండి, బస్సు కొండ మొదటికి కూడా చేరదు.

జిరంగ్ మంచి చోటే. చంద్రగిరిలో టిబెట్ శరణార్థులు 1963 నుంచీ ఉన్నారు, అక్కడి పెద్ద ఆరామాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. మొక్కజొన్న చేలు, ప్రార్థన జెండాలు, మోమోలు. కానీ పూర్తి రోజు పని. మూడో రోజు తరవాత ఆగేవాళ్ళు ఉంటే ఒక కారు మాట్లాడి పెట్టండి, తప్తపాణి దారిలోనే కాబట్టి ఆ వేడినీటి బుగ్గ కూడా చూసుకుంటారు. పూరీ, కోణార్క అడిగేవాళ్ళకి భువనేశ్వర్ వెళ్ళే దారిలో ఒక రోజు ఆగమని చెప్పండి. పూరీ గుడిలోకి హిందువులు కానివాళ్ళని రానివ్వరు. ఆ సంగతి విదేశీ అతిథులకి ముందే, ఇక్కడే, మెల్లగా చెప్పాలి. సింహద్వారం దగ్గర తెలుసుకోవడం ఎవరికీ బాగుండదు.

గోపాల్‌పూర్‌కి వద్దాం. ఊరికి 16 కిలోమీటర్లు, అందరికీ ఇష్టం. కానీ సాయంత్రం విందుకి తీసుకెళ్తే చూసేదేం లేదు. మనది తూర్పు తీరం. పొద్దు సముద్రంలోంచి లేస్తుంది, సముద్రంలోకి దిగదు. అందుకే తెల్లవారుజామున ఐదింటికి ఒక బస్సు. పేరిచ్చినవాళ్ళకే. ఆరింటికి సూర్యోదయం, ఇసుక మీద వలలు లాగేవాళ్ళు, పడవల్లోంచి దిగే చేపలు, ఏడున్నరకి వెనక్కి. నూట ఇరవైలో నలభై మంది వస్తారు. వచ్చిన నలభై మందీ తరవాత మీ సదస్సు గురించి పదిమందికి చెప్తారు. నీళ్ళల్లోకి దిగనివ్వకండి. అక్కడ లోపలికి లాగే పోటు గట్టిది. ఈత వచ్చినవాళ్ళే ఎక్కువ ధైర్యం చేస్తారు. ఇద్దరు గట్టి వాలంటీర్లని అంచున నిలబెట్టండి. దీపస్తంభం ఎక్కనిచ్చే వేళలు వేరు, తెల్లారుజామున అడిగి లాభం లేదు.

అక్కడ కూడా చెప్పుకోదగ్గ కథ ఒకటుంది. ఈ రేవు నుంచే తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ ఓడలెక్కి రంగూన్‌కి కూలి పనులకి వెళ్ళారు. ఇప్పుడు ఇదే గంజాం జిల్లా నుంచి రైళ్ళెక్కి సూరత్ మరమగ్గాలకి పోతున్నారు. వలసల మీద పేపర్లు చదివేవాళ్ళు ఆ ఇసుకలో నిలబడి వింటే అది వేరు.

నవంబరు అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపానుల కాలం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ మన పక్కనే. కాబట్టి రంభ బదులు వాన పడినా కుదిరే పని ఒకటి సిద్ధంగా ఉండాలి.

ఆ పని నేనైతే పట్టు మగ్గాలు అంటాను. వాన లేకపోయినా అంటాను. పాత బరంపురం వీధుల్లో దేరా, దేవాంగ నేతవాళ్ళ ఇళ్ళల్లో ఇంకా మగ్గాలు ఆడుతున్నాయి. బరంపురం పట్టుకి భౌగోళిక గుర్తింపు ఉంది. గుడి గోపురాల్లాంటి ఆ అంచు, మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ జతగా నేసే జోడా చూపించండి. నలభై మందిని ఒకే ఇంట్లోకి తోసేయకండి. ఎనిమిదేసి మంది గుంపులు, ఒక్కో గుంపుతో తెలుగూ ఒడియా రెండూ వచ్చిన మీ విద్యార్థి ఒకరు. ముందు రోజే వెళ్ళి ఇంటివాళ్ళని అడగాలి, ఫోటోలకి కూడా. మగ్గం ఆపి మాట్లాడినందుకు ఆ ఇంటికి ఏదైనా ఇవ్వాలి. అది పద్దులో "గైడు ఖర్చు" కింద రాయండి, ఆడిటరు కాదనడు. కొనుక్కునేవాళ్ళని తరవాత చేనేత సహకార సంఘం దుకాణం బయనికాకి పంపండి. మధ్యలో ఎవరి బావమరిది కొట్టుకో బస్సు ఆపించే ప్రయత్నం జరుగుతుంది, గట్టిగా ఉండండి.

ఇక తిండి. ఇది పెద్ద విషయం, కాస్త ఓపికగా చదవండి.

మొదట తిథి చూడండి. మీ తేదీలు దాదాపుగా కార్తీకంలో పడతాయి. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. ఒడియావాళ్ళ కార్తీకం కుమార పూర్ణిమ (ఆశ్వయుజ పూర్ణిమ) మర్నాడు మొదలై కార్తీక పూర్ణిమతో అయిపోతుంది. మనది దీపావళి అమావాస్య మర్నాడు మొదలై ఆ తరవాతి అమావాస్య దాకా సాగుతుంది. రెండూ కలిస్తే నెలన్నర. ఆ నెలన్నరలో మీ అతిథుల్లోనూ, మీ స్టాఫులోనూ, వంటవాళ్ళలో కూడా మాంసం ముట్టనివాళ్ళు ఎంతోమంది. పూర్ణిమతో ముగిసే ఐదు రోజులు, అదే పంచుక, మామూలుగా చేప లేనిదే ముద్ద దిగనివాళ్ళు కూడా మానేస్తారు. పూర్ణిమ మర్నాడు ఛాడఖాయి, అంటే నియమం విడిచి మళ్ళీ మాంసం తినే రోజు. ఆ రోజు మటన్ దుకాణాల ముందు వరసలు కడతారు, మీ కేటరర్‌కి సరుకు దొరకడం గగనం. మార్గశిరానికి జరిగితే గురువారాలు చూసుకోండి. మన ఇళ్ళల్లో లక్ష్మివారం నోములు, వాళ్ళ ఇళ్ళల్లో మాణబసా అనే లక్ష్మీ పూజ.

దీనర్థం మాంసం తీసేయమని కాదు. శాకాహారమే ప్రధాన భోజనంగా వండించి, చేపా మాంసం పక్కన వేరే బల్ల మీద పెట్టండి. వేరే గరిటెలు, వేరే మనుషులు. మామూలుగా దీనికి తలకిందులుగా జరుగుతుంది: మాంసాహారానికి ఐదు రకాలు, శాకాహారులకి పనీరు.

అన్నట్టు మీ తేదీల్లో కార్తీక పూర్ణిమే పడితే అదృష్టం. తెల్లవారుజామున చెరువు గట్టుకి తీసుకెళ్ళండి. బొయిత బందాణ: అరటి దొప్పలతో చేసిన చిన్న పడవల్లో దీపం పెట్టి నీళ్ళల్లో వదులుతారు, జావా, బాలి దాకా వెళ్ళిన పాత వర్తకుల గుర్తుగా. పైసా ఖర్చు లేదు.

రిజిస్ట్రేషను ఫారంలో "వెజ్ / నాన్‌వెజ్" అని రెండు గళ్ళు పెట్టి వదిలేయకండి. ఉల్లి, వెల్లుల్లి తింటారా? దుంపలు తింటారా? గుడ్డు? హలాల్ కావాలా? రొయ్య, పీత, పల్లీ, ఆవాలు ఏదైనా పడదా? ఆ మూడు రోజుల్లో ఉపవాసం ఏదైనా ఉందా? ఒక సదస్సులో గుజరాత్ నుంచి వచ్చిన జైన పెద్దాయన మూడు పూటలూ పెరుగన్నమే తిన్నారు, ఎందుకంటే ప్రతి కూరలోనూ బంగాళాదుంప. ఆయన ఏమీ అనలేదు. అడిగి ఉంటే అరటికాయతో రెండు కూరలు చేయించడం ఎంత సేపు? ఆవాల సంగతి ప్రత్యేకంగా ఎందుకన్నానంటే, ఒడియా బెసర కూరల్లో ఆవ ముద్దే ప్రధానం, పడనివాళ్ళకి ప్రమాదం. రొయ్య ఉన్న గిన్నె ముందు పెద్ద అక్షరాలతో పేరు ఉండాలి, ఒడియాలో, తెలుగులో, ఇంగ్లీషులో.

విందులో ఏం పెట్టాలి? ఢిల్లీలోనూ హైదరాబాదులోనూ దొరికేవే ఇక్కడా పెడితే వాళ్ళు మన ఊరొచ్చి లాభమేంటి? పనీర్ బటర్ మసాలా, గోబీ మంచూరియా తీసేయండి. నా జాబితా ఇలా ఉంటుంది: అన్నం, డాల్మా (కూరగాయలు వేసిన పప్పు), ఏదో ఒక శాగ (ఆకుకూర), సంతులా (ఉడికించిన కూరగాయలు), టమోటా ఖట్టా (తీపి పులుపు పచ్చడి), బడి చూరా (నలిపిన వడియాలు), వంకాయ వేపుడు, మన పప్పుచారు, ఆవకాయ, అప్పడం, పెరుగు. పక్క బల్ల మీద ఆవపెట్టిన చేప, చిలికా రొయ్యల కూర. ఉత్తరాదివాళ్ళకి చపాతీ వేడివేడిగా రావాలి. తీపికి ఛెనాపోడా (కాల్చిన పాలవిరుగుడు మిఠాయి), అరిసెలు. అరిసెలు ఇటు మనవీ, అటు వాళ్ళవీ, కాబట్టి ఎవరూ గొడవ పెట్టరు. పీతలు విందులో వద్దు. పట్టుబట్టలు కట్టుకుని పీత కాలు విరుచుకోవడం ఎవరివల్లా కాదు. అవి రంభ మధ్యాహ్న భోజనంలో, చేతులు కడుక్కునే నీళ్ళు దగ్గరుండగా పెట్టండి.

కారం తగ్గించమని వంటవాళ్ళకి చెబితే "సరే" అంటారు, తగ్గించరు. అది వాళ్ళ తప్పు కాదు, చేతి అలవాటు. దానికంటే కారం లేని పప్పు, ఉడికించిన కూరలు, అన్నం, పెరుగు ఒక మూల విడిగా పెట్టించండి. విదేశీయులే కాదు, మొదటి రోజు రెండు పూటలు మన తిండి తిన్న మనవాళ్ళు కూడా అక్కడే కనిపిస్తారు.

పొద్దున్న పలహారం గురించి ఒక మాట. హోటల్లో బ్రెడ్డూ ఆమ్లెట్టూ ఉచితమని అందరూ అక్కడే తినేస్తారు. ఒక్క రోజైనా మానిపించి ఊరి టిఫిను పెట్టండి. ఇడ్లీ, బరా (గారె), ఉప్మా, పక్కన సాంబారూ చట్నీతో పాటు ఘుగుణి (బఠాణీల కూర) కూడా. ఉప్మా మీద ఘుగుణి పోసుకుని తినే ఊరు కళింగ దేశంలో ఇంకెక్కడ ఉందో చూపించమనండి! 1936 ఏప్రిల్ 1 దాకా ఈ గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ఆ సంగతి చరిత్ర పుస్తకంలో చదవడం కంటే ప్లేటులో చూడటం తేలిక. బండి దగ్గర నలభై మంది నిలబడటం కుదరదు కాబట్టి, పేరున్న బండాయనతో ముందే మాట్లాడి కాలేజీ ఆవరణలోకే రప్పించండి. నేను రెండుసార్లు చేయించాను. పింగాణీ ప్లేట్లు వద్దని ఆకుదొన్నెలు ఆయనే తెచ్చుకున్నాడు.

విందు నడిపే తీరు. ఉపన్యాసాలు పది నిమిషాలు, భోజనానికి ముందే, తరవాత మైకు కట్టేయండి. శాలువాలు, జ్ఞాపికలు ప్రారంభ సభలోనే ముగించాలి. సన్మానాలు విందుకి జరిపితే ఎనిమిదింటి భోజనం పదింటికి మొదలవుతుంది, చక్కెర వ్యాధి ఉన్న పెద్దవాళ్ళు చేతులు వణుకుతూ కూర్చుంటారు. నిలబడి తినే బఫే కంటే ఎనిమిదేసి మంది కూర్చునే గుండ్రటి బల్లలు మంచివి. ప్రతి బల్లకీ ఒక పెద్ద ప్రొఫెసరు, ఇద్దరు పరిశోధక విద్యార్థులు, ఒక స్థానికుడు ఉండేలా చీటీలు వేయండి. వదిలేస్తే పెద్దలంతా ఒక బల్లకి చేరతారు, పిల్లలంతా చివరి బల్లకి. విద్యార్థులకి విందు టికెట్టు విడిగా అమ్మే అలవాటు కొన్ని చోట్ల ఉంది. అది మానేయండి, రిజిస్ట్రేషనులోనే కలపండి. డ్రైవర్లకీ వాలంటీర్లకీ అదే భోజనం, అదే వేళకి.

మద్యం గురించి అడగలేదుగానీ, మీ పెద్దలు అడుగుతారు. సంస్థ డబ్బుతో, సంస్థ ఆవరణలో వద్దు. కావలసినవాళ్ళు తాము దిగిన హోటల్లో తాము చూసుకుంటారు.

సాంస్కృతిక కార్యక్రమం పెట్టాలంటే గంజాం ప్రహ్లాద నాటకం నుంచి నలభై నిమిషాల ముక్క చాలు. అసలైతే రాత్రంతా ఆడతారు. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక, పైమెట్టు మీద హిరణ్యకశిపుడు, కింద సూత్రధారి గొంతు. మన యక్షగానం చూసినవాళ్ళు కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తారు. కళాకారులకి డబ్బు అదే రాత్రి చేతిలో పెట్టండి, "బిల్లు పాసయ్యాక" అనకండి. ఆడేటప్పుడు వడ్డన ఆపాలి. గిన్నెల చప్పుడు మధ్య ఏ కళాకారుడూ ఆడలేడు.

విదేశీ అతిథులున్నారు కాబట్టి బస విషయం ఇప్పుడే తేల్చుకోండి. విదేశీయులు దిగితే హోటలువాళ్ళు వాళ్ళ వివరాల ఫారం నింపి విదేశీయుల నమోదు అధికారులకి పంపాలి. ఊళ్ళో చాలా చిన్న లాడ్జీలు ఆ తలనొప్పి ఎందుకని గది లేదనేస్తాయి, అదీ అర్ధరాత్రి రైలు దిగాక. పాస్‌పోర్టు, వీసా కాపీలు ముందుగా తెప్పించుకుని హోటలుకి ఇవ్వండి. ఇంకో మాట: గజపతి, రాయగడ కొండల్లో సవర గిరిజన గ్రామాలకి తీసుకెళ్తారా అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అది విహారం కాదని చెప్పండి. మనుషుల ఇళ్ళని బస్సు దిగి ఫోటోలు తీసుకునే వ్యవహారం మీ సదస్సు పేరు మీద జరగకూడదు. నిజంగా పరిశోధన ఉన్నవాళ్ళకి అనుమతుల దారి వేరే ఉంది.

రాత్రి రవాణా మర్చిపోకండి. విశ్వవిద్యాలయం భంజ విహార్‌లో, ఊరికి దూరంగా ఉంది. మీ కాలేజీ వైపు కూడా తొమ్మిది దాటితే ఆటో దొరకదు. విందయ్యాక తొమ్మిదిన్నరకొకటి, పదిన్నరకొకటి బస్సులు, రెండింట్లోనూ ఒక మహిళా అధ్యాపకురాలు. ఆ పదిన్నర బస్సు డ్రైవరు నంబరు అందరి బ్యాడ్జీ వెనక అచ్చు వేయించండి.

చివరి పూట చాలామంది బజారుకి పోతామంటారు. బడా బజారులో అప్పడాలు, వడియాలు, ఆవకాయ కొనుక్కుంటారు. విమానంలో వెళ్ళేవాళ్ళకి ఆవకాయ సీసా చేతి సంచిలో కాకుండా చెక్-ఇన్ పెట్టెలో పెట్టుకోమని ముందే చెప్పండి, లేకపోతే భువనేశ్వర్‌లో సెక్యూరిటీవాళ్ళు ఆపేస్తారు. సీసా మూతకి మైనం పెట్టి, రెండు కవర్లలో చుట్టి ఇమ్మని కొట్టాయన్ని అడగాలి. అడిగితేనే చేస్తాడు.

తేదీలు ఖాయమయ్యాక తిథులు రాసి పెట్టండి, విందు ఏ రాత్రి పడితే మంచిదో చూసి చెప్తాను. రంభలో పడవలు మాత్రం అప్పటిదాకా ఆగకుండా ఈ వారమే మాట్లాడుకోండి. నవంబరు ఆదివారాలకి పిక్నిక్ జనం ముందే తీసేసుకుంటారు.